ఒకసారి నవ్విందండి

మా ఊరు వశిష్ఠ గోదావరికి తూర్పు గట్టున ఉంది. అవతలి గట్టు నరసాపురం. తొంభైల మధ్యలో మా వైపు పిల్లలు ఇంటర్ చదవాలంటే రోజూ పంటు ఎక్కి ఏరు దాటాల్సిందే. పంటు అంటే పడవల మీద చెక్కలు పరిచి ఇంజను బిగించిన వెడల్పాటి బల్లకట్టు. మనుషులతో పాటు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, గేదెలు, ఒక్కోసారి జీపు కూడా ఎక్కేవి. దాటడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంటలో మేం మగపిల్లలం ఏం చేసేవాళ్ళమో చెప్పకుండా తర్వాత జరిగింది చెప్పలేను.

మేం నలుగురం. సైకిళ్ళు ఇంజను పక్కన ఆనించి, సీట్ల మీద మోచేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఆడపిల్లలు ఎదురుగా చెక్కబల్ల మీద వరసగా, ఒడిలో పుస్తకాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకి పేర్లు పెట్టడం మా కాలక్షేపం. నిజానికి పెట్టేది నేనే. తెలుగులో నాకెప్పుడూ మంచి మార్కులు వచ్చేవి. స్కూల్లో వ్యాసరచనకి రెండుసార్లు బహుమతి ఇచ్చారు. ఆ తెలివి అంతా అక్కడ ఖర్చు పెట్టాను. కాస్త లావుగా ఉండే అమ్మాయి 'ధాన్యం బస్తా'. నల్లగా ఉండే అమ్మాయి 'కరెంటు కోత'. ఎవరి వంకా చూడకుండా నిటారుగా కూర్చునే ఒకమ్మాయికి 'షోకేసు బొమ్మ' అని పెట్టాను. పెట్టిన రోజు మా వాళ్ళు నా వీపు మీద చరిచి మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి అది ఉత్త 'షోకేసు' అయింది. "షోకేసు వచ్చిందిరా." "ఇవాళ షోకేసుకి కొత్త ఓణీరా."

ఆ అమ్మాయి మా ఊరి టైలరు గారి కూతురు. రేవుకి వెళ్ళే దారిలోనే వాళ్ళ ఇల్లు. తండ్రి వసారాలో మిషను తొక్కుతుంటే తల్లి గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతుండేది. ఆ అమ్మాయి బైపీసీ మొదటి సంవత్సరం. నర్సు కావాలని ఆమె కోరిక. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసినవి ఆమె ఓణీల రంగులు.

పేర్లయ్యాక పంపకాలు మొదలయ్యాయి. ఇది నీది, అది వాడిది అని నవ్వుతూ పంచుకున్నాం. షోకేసుని మాలో పెద్దవాడికి ఇచ్చాం. వాడు ఒక ఏడాది తప్పి మాతో కలిశాడు. తండ్రికి రొయ్యల చెరువులున్నాయి. ఊళ్ళో అందరికంటే ముందు మోటారు సైకిలు వాడికే వచ్చింది. మాలో ఎవరం కోపంగా మాట్లాడినా నొచ్చుకునేవాడు. చెడ్డవాడని ఎవరూ అనేవారు కాదు. నేనూ అనుకోలేదు.

ఒకరోజు ఒక ముసలమ్మ సంతకి మేకని తీసుకెళుతూ పంటు ఎక్కింది. టికెట్లు కొట్టే ఆయన చంకలో పెట్టుకున్న టికెట్ల పుస్తకాన్ని ఆ మేక లాగి నమలడం మొదలుపెట్టింది. ఆయన ఒక కొస, మేక ఇంకో కొస. "వదలవే, ఆఫీసులో ఏం చెప్పుకోనే!" అని ఆయన మేకని బతిమాలుతుంటే పంటు మొత్తం విరగబడి నవ్వింది. ఆ అమ్మాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అదే సమయానికి మావాడు మేకని కాకుండా ఆమెనే చూస్తున్నాడు. నేను వాడి డొక్కలో పొడిచి, "నిన్ను చూసేరా ఆ నవ్వు" అన్నాను. మిగతా ఇద్దరూ అందుకున్నారు. వారం రోజులు అదే మాట. మొదట్లో వాడు సిగ్గుపడ్డాడు, తర్వాత తల దువ్వుకుని రావడం మొదలుపెట్టాడు. ఆమె కాలేజీ గేటు దగ్గర మోటారు సైకిలు ఆపుకుని నిలబడేవాడు. ఆమె చూడకుండా వెళ్ళిపోతే, "మనసులో ఉంటే పైకి కనబడనివ్వరురా ఆడాళ్ళు" అని మేమే ధైర్యం చెప్పేవాళ్ళం. అదంతా మాకు ఆట. వాడికి ఎప్పుడు ఆట కాకుండా పోయిందో మేం గమనించలేదు.

ఉత్తరం కూడా నేనే రాశాను. రెండు పేజీలు. అందులో ఆమెని చంద్రుడితో, సీతాకోకచిలుకతో పోల్చాను. ఒక్క వాక్యం కూడా ఆమెను ఏమీ అడగదు. 'నువ్వు నా దానివి' అని ముగించాను. వాడు దాన్ని ఆమె పుస్తకాల మధ్య దూర్చాడు.

మర్నాడు పొద్దున్న పంటు కదిలాక ఆమె లేచి, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ కాగితాలు.

"ఇవి మీవేననుకుంటానండి. తీసుకోండి. ఇంకెప్పుడూ ఇలాంటివి పెట్టకండి."

అంతే. 'అండి' అనే అంది. గొంతు పెంచలేదు. వాడు తీసుకోకపోతే వాడి సైకిలు సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు వాడి మోటారు సైకిలు రిపేరులో ఉండి నా పక్కనే సైకిలుతో ఉన్నాడు.

పంటు మీద అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ మేం ముగ్గురం నవ్వాం. మాలో ఒకడు, "నువ్వసలు మగాడివేనట్రా?" అన్నాడు. ఆ మాట అన్నది నేను కాదు. కానీ ఆ మాటకి వాడి మొహం చూసి కూడా నేను నవ్వు ఆపలేదు.

ఆమె ఇంట్లో చెప్పింది. టైలరు గారు వాడి తండ్రి దగ్గరికి వెళ్ళారు. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, "కుర్రాళ్ళండి, వయసు అలాంటిది. నేను మందలిస్తాను. మీరు కూడా అమ్మాయిని కాస్త ఒద్దికగా ఉండమనండి" అన్నారట. కాలేజీలో ఒక మాస్టారికి చెబితే, ఆడపిల్లల్ని పొద్దున్న మాకంటే ముందు పంటుకి రమ్మని, ఓణీకి పిన్నులు పెట్టుకోమని చెప్పారు. మా నలుగురినీ ఎవరూ ఏ పంటుకీ రావద్దనలేదు.

పది రోజుల తర్వాత, సాయంత్రం నాలుగింటికి, మా వైపు రేవులో పంటు ఆగింది. ఆడపిల్లలు ముందు దిగారు. వాడు అప్పటికే రేవులో సోడా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. "ఒక్క మాట" అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి ఆమె పుస్తకాలతో వాడి చేతి మీద కొట్టింది. వాడు బండి మీది సీసా తీసి చక్రానికేసి పగలగొట్టాడు.

నేను సైకిలు దింపుతున్నాను. ముందు చక్రం గట్టు మీద, వెనక చక్రం పంటు మీద. చూశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరచెయ్యి తెగింది, ఆ పైన కుడి చెంప, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా. అరవలేదు. కింద కూర్చుండిపోయింది. పుస్తకాలన్నీ బురదలో పడ్డాయి.

రేవు నిండా జనం. ఎవరూ కదల్లేదు. పెద్దాయన ఒకరు ముందుకొచ్చి, వాడి వంక చూడకుండా, ఆమె మీదికి వంగి, "ఏం చేశావమ్మా?" అని అడిగారు.

చేపలమ్ముకునే ఒకావిడ గంప కింద దించి, అందరినీ తోసుకుంటూ వచ్చి, తన పైట కొంగు చింపి ఆమె చెంపకి అదిమిపెట్టింది. "నిలబడి చూస్తారేంట్రా దొంగసచ్చినోళ్ళారా! పంటు తిప్పమనండ్రా!" అని అరిచింది. అదే పంటు మీద ఆమెని మళ్ళీ నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాడు ఎక్కడికీ పారిపోలేదు. సోడా బండి పక్కన కూర్చుని ఏడుస్తుంటే వాడి బాబాయి వచ్చి భుజం మీద చెయ్యేసి ఇంటికి తీసుకెళ్ళాడు. నేను సైకిలు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఎంతసేపో తెలీదు. మిగతా ఇద్దరూ ఎప్పుడు వెళ్ళిపోయారో కూడా తెలీదు.

రెండో రోజు పొద్దున్న లైబ్రరీ అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. పోలీసులకి ఇంకా పూర్తిగా రాసివ్వలేదు. ఊళ్ళో తేలితే ఊళ్ళోనే తేల్చుకోమని వాళ్ళే అన్నారట. నన్ను రమ్మని కబురొచ్చింది. బయల్దేరుతుంటే నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నారు: "అడిగినదానికే జవాబు చెప్పు. ఎక్కువ మాట్లాడకు." మా పొలం ఆ రొయ్యల చెరువుల ఆయనకే లీజుకిచ్చి ఉంది. ఆ సంగతి నాన్న అనలేదు, నేనూ అడగలేదు.

అందరూ కుర్చీల్లో ఉన్నారు. టైలరు గారు ఒక్కరే స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. కూతురు ఇంకా ఆసుపత్రిలోనే.

పాత ప్రెసిడెంటు గారు అడిగారు. "ఏరా అబ్బాయ్, నువ్వు రోజూ పంటు మీద ఉంటావు కదా. దాచకుండా చెప్పు. ఆ పిల్ల మీవాడిని చూసి ఎప్పుడైనా నవ్వడం లాంటిదేమైనా ఉందా?"

అప్పటిదాకా నేను సిద్ధం చేసుకున్న జవాబులు ఉత్తరం గురించి. ఎవరు రాశారని అడుగుతారేమోనని రాత్రంతా భయపడ్డాను. ఎవరూ అడగలేదు. ఈ ప్రశ్న వచ్చేసరికి నాకు ముందు ప్రాణం కుదుటపడింది. అది గుర్తుంది నాకు. ఆ కుదుటపడిన ప్రాణంతోనే అన్నాను.

"ఒకసారి నవ్విందండి."

మేక గురించి చెప్పలేదు. నేను వాడి డొక్కలో పొడిచి అన్న మాట గురించి చెప్పలేదు. వాళ్ళూ ఇంకేం అడగలేదు. ప్రెసిడెంటు గారు కుర్చీలో వెనక్కి వాలి, "అదీ సంగతి" అన్నారు. నాకు తెలిసి ఆ అరుగు మీద ఆ విషయం అక్కడితో అయిపోయింది. ఒక వైపు చెంప, ఇంకో వైపు నవ్వు. రెండూ సమానంగా తూగినట్టు మాట్లాడారు. ఆసుపత్రి ఖర్చు వాడి తండ్రి పెట్టుకునేట్టు, వాడిని కొన్నాళ్ళు మండపేటలో మేనమామ రైసు మిల్లుకి పంపేసేట్టు తీర్మానించారు. "ఆడపిల్ల విషయం, కోర్టుల చుట్టూ తిరిగితే మీకే పరువు తక్కువ" అన్నారు టైలరు గారితో. ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు. ఇంకా ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు చూశారు. నేను లైబ్రరీ కిటికీ లోపలి బీరువాలు చూస్తూ నిలబడ్డాను.

పేపర్లో చిన్నగా వేశారు. 'ప్రేమ వ్యవహారంలో విద్యార్థినికి గాయాలు' అని. ఊళ్ళో అందరూ ఆ కాగితం చూపించి, "చూశావా, ప్రేమ వ్యవహారమే" అనుకున్నారు.

ఆ తర్వాత పంటు మీద చెక్కబల్ల దాదాపు ఖాళీ అయింది. ధాన్యం బస్తా అని మేం పిలిచిన అమ్మాయికి ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. మా చెల్లెలు అప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఉంది. స్కూలు మొత్తం మీద మొదటి మార్కు తనదే. ఇంటర్ దరఖాస్తు నా చేతే తెప్పించుకుని, నింపి, సంతకం కోసం నాన్న దగ్గరికి తీసుకెళ్ళింది.

"చూశావుగా ఏం జరిగిందో. వద్దమ్మా. ఇంట్లో ఉండి లేసు నేర్చుకో."

"నేనేం చేశాను నాన్నా?"

"నువ్వేం చేశావని కాదు. రోజులు బాగా లేవు."

చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అంతే. చెల్లెలు గట్టిగా నవ్వితే, "ఏంటా నవ్వు, వీధిలోకి వినబడుతోంది" అనేది అమ్మ. నా నవ్వు వీధిలోకి వినబడినా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం చెల్లెలు నేను చదువుకునే గదిలోకి వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"అన్నయ్యా, ఆ అమ్మాయి నిజంగా వాడిని చూసి నవ్విందా?"

దానికి అబద్ధం చెప్పలేకపోయాను. మేక సంగతి చెప్పాను. టికెట్ల పుస్తకం సంగతి, నేనన్న మాట, ఉత్తరం, అన్నీ చెప్పేశాను. చెబితే తేలికపడుతుందనుకున్నాను.

"మేక గురించి పెద్దాళ్ళకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు వాళ్ళు."

అది నన్ను చాలాసేపు చూసింది. దాని చేతిలో ఆ దరఖాస్తు ఇంకా ఉంది. జాకెట్టు కుట్టించుకునే వంకతో ఆ సాయంత్రమే టైలరు గారింటికి వెళ్ళి మొత్తం చెప్పేసింది.

మర్నాడు పొద్దున్న టైలరు గారు మా ఇంటికొచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు పట్టుకుని నిలబడి, "బాబు ఒక్కసారి వచ్చి ఆ మేక సంగతి పెద్దలకి చెబితే చాలండి. ఇంకేం అక్కర్లేదు. మా అమ్మాయి మీద ఆ మాట పోతే చాలు" అన్నారు.

నాన్న, "అయిపోయిన సంగతి మళ్ళీ ఎందుకండీ తవ్వుకోవడం" అన్నారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. అది ఆయనకి తెలుసు. నా కాళ్ళు కనబడుతూనే ఉండుంటాయి. ఆయన "సరేనండి" అని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేలోపు నేను పరుగెత్తి పిలిచి ఉండొచ్చు. ఆ దూరం నాకు ఇప్పటికీ అడుగులతో సహా తెలుసు.

నేను డిగ్రీ చదివి, పక్క మండలంలో టీచరు ఉద్యోగంలో చేరాను. చెల్లెలికి పద్దెనిమిది నిండగానే పాలకొల్లు వైపు సంబంధం చేశారు. అతను ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. మర్యాదస్తుడని అందరూ అన్నారు. పెళ్ళయిన రెండో ఏడాది నుంచి అది అప్పుడప్పుడు పాపని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసేది. పెదవి వాచి ఉండేది, లేదా చెయ్యి ఎత్తలేకపోయేది. నాన్న ప్రతిసారీ ఒకటే అడిగేవారు.

"నువ్వేం అన్నావు?"

అమ్మ సర్దుకోమనేది. నేనేం తక్కువ తినలేదు. రెండుసార్లు బండి మీద ఎక్కించుకుని నేనే దింపి వచ్చాను. దారిలో, "అతనికి కోపం ఎక్కువ, నువ్వే కాస్త చూసుకుని మాట్లాడాలి" అని కూడా చెప్పాను.

మూడోసారి, పెళ్ళయిన అయిదో ఏట, ఎడమ చెవిలోంచి రక్తం కారుతూ వచ్చింది. డ్వాక్రా మీటింగులో లేచి నిలబడి మాట్లాడిందట. బ్యాంకు వాళ్ళు, ఊరి మగవాళ్ళు ఉన్నారట. అందరి ముందు భార్య అలా మాట్లాడితే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని అతని కోపం. నాన్న ఎప్పటి ప్రశ్నే అడగబోతుంటే నేను చెల్లెల్ని, పాపని బండి ఎక్కించుకుని మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరు గారు ఇంకా రాలేదు. లోపల్నుంచి తెల్లచీరలో నర్సు వచ్చింది. కుడి చెంప మీద, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా మచ్చ. నేను గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. కానీ ముందు చెల్లెల్ని కూర్చోబెట్టి, దూదితో చెవి తుడుస్తూ అడిగింది.

"ఎవరు కొట్టారమ్మా?"

"పడ్డానండి" అంది చెల్లెలు.

"పడితే మోకాలు గీరుకుంటుంది, నుదురు బొప్పి కడుతుంది. చెవి వెనక అయిదు వేళ్ళు అచ్చుపడవు. ఎవరు కొట్టారు?"

అన్నాళ్ళలో ఆ ప్రశ్న దాన్ని అడిగిన మొదటి మనిషి ఆమె. మా చెల్లెలు పాప తల మీద చెయ్యి పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "మా ఆయన" అని చెప్పింది. ఎప్పటినుంచి కొడుతున్నాడో, దేనితో కొట్టాడో, అన్నీ చెప్పింది. వాటిలో సగం నాకే తెలీదు. ఆమె అన్నీ వింటూ కాగితం మీద రాసుకుంది.

కట్టు కట్టాక ఆమె బయటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే నేను దగ్గరికి వెళ్ళాను. "మీతో ఒక మాట చెప్పాలండి. అప్పుడు నేను..."

"నాకు తెలుసండి. మీ చెల్లెలు అప్పుడే వచ్చి చెప్పింది. మా ఇంటికి వచ్చి చెప్పింది ఊరు మొత్తం మీద ఆ పిల్ల ఒక్కతే."

"క్షమించమని అడగడానికి..."

ఆమె కుళాయి కట్టేసింది. "అది మీకు అవసరమండి. నాకు కాదు. నేను చదువు మళ్ళీ మొదలుపెట్టడానికి రెండేళ్ళు పట్టింది. మొదటి ఏడాది గది దాటి వసారాలోకి రాలేదు. మీరు ఇప్పుడు ఏం చెప్పినా ఆ రెండేళ్ళు రావు." తర్వాత కాస్త నెమ్మదిగా అంది. "ఇవాళ స్టేషనుకి తీసుకెళతారు కదా. వాళ్ళు అడిగినప్పుడు మొత్తం చెప్పండి. సగం చెప్పకండి."

వెళ్ళాను. ఎస్సై మొదట అడిగింది, గొడవ ఎవరు మొదలుపెట్టారని. ఆయన అడగనివి కూడా నేను చెప్పాను. అంతకుముందు రెండుసార్లు అది దెబ్బలతో వచ్చిందని, రెండుసార్లూ నేనే వెనక్కి దింపానని, నోరు అదుపులో పెట్టుకోమని నేనే చెప్పానని కూడా. రాసుకునే కానిస్టేబులు తలెత్తి, "ఇది కూడా రాయాలాండీ?" అన్నాడు. రాయమన్నాను.

మేం గెలిచామని చెప్పలేను. కేసు నాలుగేళ్ళు నడిచింది. వాళ్ళ తరఫు లాయరు చెల్లెల్ని, మీటింగులో ఏం చీర కట్టుకున్నావని అడిగాడు. ఎంత గట్టిగా మాట్లాడావని అడిగాడు. పక్కింటి వాళ్ళు ఎవరూ సాక్ష్యానికి రాలేదు. అన్న కాబట్టి నా మాట చెల్లలేదు. ఆసుపత్రి కాగితంలో దెబ్బ ఉన్నా, కొట్టింది అతనేనన్నది రుజువు కాలేదన్నారు. విడాకులు వచ్చాయి, పాప తన దగ్గరే ఉంది, అంతే. నాన్న నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. రొయ్యల చెరువుల ఆయన కొడుకు మండపేట నుంచి తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, వ్యాపారం చూసుకుంటున్నాడు. ఎక్కడైనా ఎదురైతే పలకరిస్తాడు. ఆ రోజు గురించి వాడు ఎప్పుడూ ఎత్తలేదు. వాడిని ఎవరూ ఏమీ అడగలేదు కూడా.

విడాకుల కాగితాలు చేతికొచ్చిన రోజు కోర్టులోంచి బయటికొచ్చాక చెల్లెలు, "ఆకలేస్తోంది అన్నయ్యా" అంది. ఎదురుగా చిన్న హోటలు. ముగ్గురం వెళ్ళి ఇడ్లీ తిన్నాం. చెల్లెలు తల వంచుకుని తింటోంది. పాప అమ్మకి ఎడమ వైపు కూర్చుని స్కూల్లో జరిగినదేదో చెబుతోంది. చెల్లెలు పలకలేదు. ఆ చెవి పూర్తిగా పోయింది. పాప విసుక్కోలేదు. ప్లేటు తీసుకుని లేచి, అటు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, కుడి వైపు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.